కొండదారికి చక్రాల యంత్రం వద్దు

ప్రశ్న: చంద్రగిరి మండలంలో కొండ అంచున మాకు ఆరెకరాల మామిడితోట ఉంది. తోట పక్కగా గుట్ట మీది శివాలయానికి కిలోమీటరుకు పైగా కాలిదారి వెళ్తుంది. కొన్నేళ్లుగా పట్టించుకునేవారు లేక లాంటానా, బోదగడ్డి, తుమ్మకంప కమ్ముకుపోయాయి. దారిలో కింది సగం ఓ మోస్తరు వాలు. పై సగం రాళ్లతో నిటారుగా ఉంటుంది, చెట్లు కూడా దగ్గర దగ్గరగా ఉంటాయి. శివరాత్రికి ఊరంతా ఎక్కే దారి ఇదే. పైభాగం ఫారెస్టు హద్దులోకి వస్తుందో రాదో మాకే సరిగా తెలియదు. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి ఏవో వీడియోలు చూసి, తోసుకుంటూ నడిచే చక్రాల పొదకోత యంత్రం కొందామనీ, డెబ్బై వేల దాకా తానే ఇస్తాననీ అంటున్నాడు. పక్క రైతు ట్రాక్టరుకు రోటవేటర్ తగిలించి దున్నేస్తే సరిపోతుందంటాడు. దుకాణంలో అడిగితే 52 సీసీ బ్రష్ కట్టర్ తీసుకోమన్నారు. నా వయసు 58. పనికి ఇద్దరు కూలీలు దొరుకుతారు. ఏది కొనమంటారు?
— చంద్రగిరి మండలం నుంచి ఒక పాఠకుడు

సమాధానం: ముగ్గురిలో దుకాణదారు చెప్పిందే కాస్త దగ్గరగా ఉంది. అయితే ఆ 52 సీసీ లెక్కను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. వాలు మీద పనిచేసే యంత్రం కొనేటప్పుడు అది ఎంత లావు కొమ్మను కోస్తుందన్నది రెండో ప్రశ్న. మీ కాలు జారిన క్షణంలో అది ఎటు పోతుందన్నది మొదటి ప్రశ్న. చక్రాల యంత్రం మీ మీదికో, కింద ఉన్న కూలీ మీదికో దొర్లుతుంది. ట్రాక్టరు పల్టీ కొడుతుంది. భుజానికి వేలాడే బ్రష్ కట్టర్‌లో ట్రిగ్గర్ మీది నుంచి వేలు తీయగానే ఇంజను నెమ్మదించి క్లచ్ విడిపోతుంది, కొన్ని క్షణాల్లో బ్లేడు ఆగుతుంది. బెల్టుకు ఉన్న గొళ్లెం లాగితే యంత్రం మీ ఒంటి నుంచి విడివడి పక్కన పడుతుంది. మీ పై సగం దారికి ఇదొక్కటే చాలినంత కారణం.

వాలు ఎంతో కంటితో చూసి చెప్పకండి. కింది నుంచి చూసినదానికీ పైనుంచి చూసినదానికీ పొంతన ఉండదు. మీటరు కర్ర ఒకటి తీసుకుని ఒక కొస నేలకు ఆనించి, కర్రను మట్టంగా పట్టుకోండి. రెండో కొస నుంచి నేల దాకా ఎంత ఎత్తు ఉందో టేపుతో కొలవండి. 27 సెంటీమీటర్లుంటే వాలు 15 డిగ్రీలు, 36 ఉంటే 20 డిగ్రీలు, 58 ఉంటే 30 డిగ్రీలు. తోసుకుంటూ నడిచే కోత యంత్రాల పుస్తకాల్లో సాధారణంగా కనిపించే హద్దు 15 డిగ్రీలు. అది కూడా గడ్డి పెరిగిన చదునైన వాలుకే. రాళ్లు, వేర్లు, గుంతలు ఉన్న దారికి కాదు. ఇలాంటి యంత్రాల్లో వాడే నాలుగు స్ట్రోకుల ఇంజన్లకు ఇంకో ఇబ్బంది ఉంది. వాటి అడుగున నిలిచే ఆయిలును లోపలి భాగాలు చిమ్ముకుంటూ తడుపుకుంటాయి. హోండా జీఎక్స్160 లాంటి ఇంజన్లకు వంపు పరిమితి 20 డిగ్రీలు. అది దాటించి గంటల తరబడి నడిపితే ఆయిలు ఒక పక్కకు చేరి, అందాల్సిన చోటికి అందదు.

మీ అబ్బాయి చూసిన యంత్రం చెడ్డదేమీ కాదు. విశాలమైన బీళ్లలో, కాస్త మెత్తని నేలలో నడుము ఎత్తు పొదను దున్నపోతులా తొక్కుకుంటూ పోతుంది. కానీ దాని బరువును వాలులో పైకి తోసేదీ, కిందికి జారకుండా పట్టుకునేదీ మీరే. చెట్ల మధ్య తిప్పడానికి చోటు ఉండదు. నాలుగడుగుల కాలిదారిలో బయటి చక్రం అంచు మీదికి వెళ్లిందంటే ఇక ఆగేది లోయలోనే. దారి కింది సగంలో కొలత 15 డిగ్రీల లోపే వస్తే అక్కడి వరకూ అలాంటిదాన్ని అద్దెకు తెచ్చుకోండి. ఇటలీ బీసీఎస్ లాంటి రెండు చక్రాల ట్రాక్టర్లకు ముందు కత్తెరలా కోసే పళ్ల పట్టీ తగిలించుకుంటే బోదగడ్డి చకచకా పడిపోతుంది. ఏడాదికి ఒకటి రెండు రోజుల పనికి సొంతంగా కొనాల్సినది మాత్రం కాదు.

రోటవేటర్ మాట ఇక ఎత్తవద్దని మీ పక్క రైతుకు చెప్పండి. అది పొదను కోయదు, నేలను తిరగేస్తుంది. మన జిల్లాలకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో వస్తాయి. వదులైన మట్టితో ఆ వానకు ఎదురైన కాలిదారి ఒక్క సీజనులో వాగుగా మారుతుంది. 2021 నవంబరు వానలకు రాతి మెట్లున్న శ్రీవారి మెట్టు దారే కొట్టుకుపోయి నెలల తరబడి మూతపడింది. మట్టిదారి ఎంత? గడ్డి వేళ్లు మట్టిని పట్టుకుని ఉండాలి, మీరు కోయవలసింది పైభాగమే. పైగా రోటవేటర్ లాంటానా వేరును చంపదు, చిదిమి వదులుతుంది. చిదిమిన మొదలు నుంచి మళ్లీ పిలకలు వస్తాయి.

ఇప్పుడు బ్రష్ కట్టర్ సంగతి. 43 సీసీ, 52 సీసీ అని రాసి ఉన్న చవక రెండు స్ట్రోకుల యంత్రాలు ప్రతి దుకాణంలోనూ ఉంటాయి. కొన్ని బాగానే పనిచేస్తాయి. వాటితో చిక్కు బలం తక్కువై కాదు. బరువు, వణుకు, మోత, వీటికి తోడు విడిభాగాలు దొరకకపోవడం. గుట్ట ఎక్కుతూ రోజుకు మూడు నాలుగు గంటలు పనిచేయాలంటే 58 ఏళ్ల మనిషికి ఏడెనిమిది కిలోలు దాటని యంత్రం కావాలి. నా ఓటు 35 సీసీ నాలుగు స్ట్రోకుల రకానికి. పెట్రోలులో ఆయిలు కలిపే పని లేదు. కలపడంలో కూలీ ఒక్కసారి మరిచిపోతే పిస్టన్ పట్టేస్తుంది, రెండు స్ట్రోకుల యంత్రాలు చాలావరకు చచ్చేది ఇలాగే. అయితే నాలుగు స్ట్రోకులని రాసి ఉంటే చాలదు, ఎటు వంచినా నడిచే ఇంజనేనా అని అడగండి. హోండా జీఎక్స్35 అలా నడిచేదే. అన్ని రకాలూ అలా ఉండవు. రెండు స్ట్రోకులదే కొంటే అది ఏ పాళ్లు అడుగుతుందో పుస్తకంలో చూడండి. 50:1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్ల ఆయిలు, 25:1 అంటే 40. ఆ అంకెను డబ్బా మీద పెయింటుతో రాసి పెట్టండి.

హ్యాండిల్ విషయంలో దుకాణదారు సైకిల్ హ్యాండిల్ లాంటి రెండు చేతుల రకాన్ని చూపిస్తాడు. మైదానంలో అదే హాయి, పక్కకు ఊపడం సులువు. మీ దారిలో మాత్రం ఆ కొమ్ములు ప్రతి చెట్టుకూ తగులుతాయి, నిటారు వాలులో ఎగువ వైపు కొమ్ము నేలకు గుద్దుకుంటుంది. గొట్టానికి చుట్టూ ఉంగరంలా ఉండే చిన్న హ్యాండిల్ తీసుకోండి. దానికి ఎడమవైపు అడ్డుకడ్డీ తప్పనిసరిగా ఉండాలి. జారినప్పుడు మీ కాలు బ్లేడు దగ్గరికి పోకుండా ఆపేది అదే. ఇంజనును వీపున మోసే రకం కూడా కొండప్రాంతాల్లో వాడతారు, చేతులకు బరువు తగ్గుతుంది. కానీ పడినప్పుడు వీపు మీది ఇంజనును వదిలించుకోవడం కష్టం, వంగే కేబులు తరచూ తెగుతుంది. మీకు నేను దాన్ని చెప్పను.

యంత్రంతో ఉచితంగా ఇచ్చే ఒంటి బెల్టును మూల పడేయండి. రెండు భుజాల మీదా పడే, తుంటికి మెత్త ఉండే, ఒక్క లాగుతో విడిపోయే జీను విడిగా కొనండి. దాన్ని తగిలించుకుని నిలబడితే చేతులు వదిలినా బ్లేడు నేలకు కొద్దిపాటి ఎత్తులో మట్టంగా తేలాలి. అలా తేలకపోతే వేలాడే కొక్కేన్ని గొట్టం మీద ముందుకో వెనక్కో జరపండి. దుకాణంలోనే ఇంజను ఆపి ఉంచి ఇది చేయించుకోండి, గొళ్లెం లాగి యంత్రాన్ని కింద పడేయడం కూడా అక్కడే సాధన చేయండి. దుకాణదారు నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

అసలు తేడా బ్లేడులో ఉంది. జనం ఇంజను మీద వేలు పోసి బ్లేడు దగ్గర పిసినారులవుతారు. నైలాన్ తీగ పచ్చగడ్డికే. బోదగడ్డి ముదిరితే తీగ చుట్టుకుపోతుంది, కంప దగ్గర తెగిపోతుంది. అయితే రాళ్ల మెట్ల సందుల్లో గడ్డి తీయడానికి తీగను మించింది లేదు, ఒక తల ఉంచుకోండి. మూడు పళ్ల ఉక్కు బ్లేడు మీకు రోజువారీ పనిముట్టు: బోదగడ్డి, వయ్యారిభామ, వేలు లావు బందారు, తంగేడు కొమ్మలు. బొటనవేలు లావు దాటిన లాంటానాకూ తుమ్మకూ రంపం పళ్లున్న గుండ్రటి బ్లేడు కావాలి. గట్టి లోహపు మొనలు అతికిన 40 పళ్ల రకం రాయి తగిలితే పన్ను రాలుతుంది కానీ, చెక్క మీద చాలాకాలం పదునుగా ఉంటుంది. మీ గుట్ట రాళ్లది కాబట్టి సాదా ఉక్కు రంపం బ్లేడులు రెండు, ఆకురాయి ఒకటి కొనుక్కుంటే అవే చవక. రంపం బ్లేడుకు దాని కాపు (గార్డు) వేరు, గడ్డి కాపుతో వాడకూడదు. చీలిక కనిపించిన బ్లేడును ఎంత ఖరీదైనా పారేయండి, వెల్డింగు చేయించకండి.

కోసే తీరు కూడా చెప్పాలి. పైనుంచి చూస్తే బ్లేడు గడియారానికి ఎదురుదిశలో తిరుగుతుంది. మీ ముందున్న వైపు పన్నెండు అనుకుంటే, పన్నెండుకూ మూడుకూ మధ్య ఉన్న అంచు గట్టి మోడుకు తగిలితే యంత్రం మొత్తం ఎదురు తన్నుతుంది. వాలు మీద పట్టు తప్పేది ఎక్కువగా ఈ తన్నుకే. కంపను ఎప్పుడూ ఎడమ అంచుతో, ఎనిమిదికీ పదకొండుకూ మధ్య భాగంతో కోయండి. ఊపు కుడి నుంచి ఎడమకు. వాలుకు అడ్డంగా నడవండి, పైకీ కిందికీ నడుస్తూ కోయకండి. ఎడమచేయి లోయ వైపు ఉండేలా నడిస్తే కోసింది కిందికే పడుతుంది. అందుకని వాలు ముక్కను కింది అంచు నుంచి మొదలుపెట్టి పైకి వరసలు వేసుకుంటూ వెళ్లండి. రెండో మనిషి పంగలకర్రతో కంప ఈడ్చే పనిలో ఉంటాడు కదా, అతను కనీసం 15 మీటర్ల దూరంలో, ఎప్పుడూ మీకు దిగువన కాకుండా ఉండాలి. బ్లేడు కొట్టిన గులకరాయి ఎంత దూరం పోతుందో కంటికి తగిలేదాకా ఎవరూ నమ్మరు.

లాంటానా దగ్గర యంత్రానికి ఒక హద్దు ఉంది. 19వ శతాబ్ది మొదట్లో అలంకారానికని కలకత్తా తోటలకు తెచ్చిన ఈ అమెరికా మొక్కను కోతతో వదిలించుకున్నవాళ్లు లేరు. నేలమట్టానికి కోస్తే వానలకు ఇంకా గుబురుగా లేస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సి.ఆర్. బాబు బృందం రూపొందించిన పద్ధతి మీకు పనికొస్తుంది. పిలకలు పుట్టేది మొదలు భాగం నుంచే. కాబట్టి దానికి దిగువన, నేలకు కొద్దిపాటి లోతున ప్రధాన వేరును నరికి, మొదలును పెకలించి తలకిందులుగా పడేస్తారు. మట్టి మళ్లీ తగలక అది ఎండిపోతుంది. దీనికి కావలసింది గడ్డపార, గొడ్డలి, తడి నేల. బ్రష్ కట్టర్‌తో పైభాగం మోకాలెత్తున కోసేసి దారి చేసుకోండి. వెనుక కూలీ ఆ మోకాలెత్తు మోడునే పట్టుకుని వేరు తీస్తాడు. నేలమట్టానికి కోసేస్తే పట్టుకోవడానికి ఏమీ మిగలదు. చాలామంది ఇక్కడే పని రెట్టింపు చేసుకుంటారు. తీసిన కొమ్మలను మేకలకు వేయకండి, లాంటానా ఆకు పశువుల కాలేయాన్ని దెబ్బతీస్తుంది. లాంటానా కాని మిగతా మొక్కల చిగుళ్లను మేకలే తిననీయండి, పెట్రోలు ఖర్చు లేని కోత అది. మందు చల్లుదామనే సలహా కూడా వస్తుంది. గ్లైఫోసేట్ అనే కలుపుమందు వాడకాన్ని 2022లో కేంద్రం పరిమితం చేసింది. గుడిదారిలో, వాన నీరు తోటలోకి దిగేచోట దాని అవసరం కూడా లేదు.

చెట్ల నీడను మాత్రం ముట్టుకోకండి. దారిని వెడల్పు చేయాలనే ఉత్సాహంలో పక్క చెట్ల కొమ్మలన్నీ కొట్టేస్తే ఎండ దిగి, లాంటానా, గడ్డి రెండింతలు పెరుగుతాయి. నాలుగడుగుల వెడల్పు, తలపైన ఏడడుగుల ఎత్తు చాలు. దానికి మడత రంపం ఒకటి సరిపోతుంది. మోటారు రంపం కొనాలనిపిస్తే ఇంకో సంగతి గుర్తుంచుకోండి. శేషాచలం అంచున ఎర్రచందనం ఉన్న ఊళ్లలో మోటారు రంపం భుజాన వేసుకుని కొండదారి ఎక్కే మనిషి చాలామందికి చాలా వివరణలు ఇచ్చుకోవాల్సి ఉంటుంది.

ఆ మాట వచ్చింది కాబట్టి హద్దు విషయం. యంత్రం కొనకముందే ఇది తేల్చుకోండి. గ్రామ సచివాలయంలో సర్వే నంబరు చెప్పి పటం చూడండి, దారి పొడవునా అటవీ హద్దురాళ్లు వెతకండి. రిజర్వు ఫారెస్టులోకి వస్తే 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం కింద పొద కొట్టడానికైనా అనుమతి కావాలి. శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం హద్దు తగిలితే 1972 నాటి వన్యప్రాణి చట్టం ఇంకా గట్టిది. రేంజి అధికారికి ఊరి తరఫున అర్జీ పెట్టండి. ఇది పాత గుడిదారి, చెట్లు నరకబోం, కంప మాత్రమే తీస్తాం అని రాస్తే, వాళ్లే మనిషిని తోడు పంపినా పంపవచ్చు. మీ పట్టా భూమిలోనే అయినా కంపలో ఎర్రచందనం పిలక కనిపిస్తే వదిలేయండి. నరికిన మోడు నుంచి కూడా అది లేస్తుంది కాబట్టి కంటపడే అవకాశం ఎక్కువే.

మీ దారికి ప్రత్యేకమైన విషయం ఇంకొకటి ఉంది, యంత్రాల పుస్తకాల్లో ఇది ఉండదు. శివరాత్రికి ఎక్కేవాళ్లలో సగంమంది చెప్పులు లేకుండా ఎక్కుతారు. బ్లేడుతో ఏటవాలుగా కోసిన వేలు లావు మోడు ఎండితే మేకులా ఉంటుంది, తుమ్మ అయితే ఇక చెప్పనక్కరలేదు. అడుగు పడే నాలుగడుగుల మేర మోళ్లు మిగలకూడదు, తవ్వి తీయాలి. తవ్వలేని చోట పొడవు పిడి కత్తెరతో నేలలోకి మట్టంగా కత్తిరించి మట్టి కప్పాలి. రాలిన తుమ్మ ముళ్లను ఊడ్పించాలి. ఈ పనికి ఒక మనిషిని రెండు రోజులు విడిగా పెట్టుకోండి.

ఒంటిమీద ఏముండాలంటే, కళ్లకు అద్దం, దానిపైన ముఖానికి జాలీ, చెవులకు మఫ్‌లు, మోకాలి కింద గట్టి కాపులు, పట్టు ఉన్న తోలు బూట్లు. లుంగీ వద్దు, మెడలో తువ్వాలు అసలే వద్దు. దూలగొండి తీగ ఉందేమో ముందే చూడండి. కాయలు ఎండాక బ్లేడు తగిలితే ఆ నూగు గాలిలో లేచి ఇద్దరినీ రోజంతా గోక్కునేలా చేస్తుంది. కాయ పట్టకముందే కోయాలి, లేదా తడిపి చేత్తొడుగులతో తీయాలి. పొద్దెక్కాకే మొదలుపెట్టండి. లాంటానా పండ్లకు ఎలుగులు వస్తాయి, పొదల్లో రక్తపింజరి ఉంటుంది. ముందుగా కర్రతో పొదను కొట్టండి. పాము కరిస్తే కట్లు కట్టి, కోసి కాలం వృథా చేయకుండా 108కి ఫోను చేసి, కరిచిన కాలు కదపకుండా తిరుపతి రుయా ఆసుపత్రికి చేర్చండి.

నిప్పు గురించి కూడా. 2014 మార్చిలో శేషాచలం అడవికి పట్టిన మంటలను ఆర్పడానికి వైమానిక దళం హెలికాప్టర్లు రావలసి వచ్చింది. ఎండుగడ్డిలో ఉక్కు బ్లేడు రాయికి తగిలితే రవ్వ లేస్తుంది, వేడి సైలెన్సర్‌ను గడ్డి మీద పెట్టినా చాలు. ఫిబ్రవరి చివరి నుంచి మే దాకా ఎండుగడ్డిలో ఉక్కు బ్లేడు ఆడించకండి. సైలెన్సర్‌లో నిప్పురవ్వలు ఆపే జాలీ ఉందో లేదో కొనేటప్పుడే చూడండి. ఇంజను చల్లారాక, బండ మీద పెట్టి పెట్రోలు పోయండి. పోసిన చోటికి మూడు మీటర్ల అవతలికి వెళ్లి స్టార్టు చేయండి.

కాబట్టి పని ఇలా పరుచుకోండి. మొదటి వానలు పడి నేల నానాక వేరు తీసే పని మొదలుపెట్టి, సెప్టెంబరులో దారి పొడవునా ఒకసారి తిరగండి. కుండపోత వానల్లో నిటారు భాగం ఎక్కకండి. డిసెంబరులో నేల ఇంకా తడిగా ఉండగానే మిగిలిన మొదళ్లు పెకలించండి. సంక్రాంతి తర్వాత గడ్డి పూర్తిగా ఎండకముందే మూడు పళ్ల బ్లేడుతో చివరి కోత వేసి, మోళ్లు తీసి, దారి ఊడ్పిస్తే శివరాత్రికి సిద్ధం. ఆ తర్వాత ట్యాంకులో పెట్రోలు ఒంపేసి, కార్బురేటర్ ఖాళీ అయ్యేదాకా ఇంజను నడిపి ఆపండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే ఇథనాల్ కలిసిన పెట్రోలు నెలల తరబడి నిలిస్తే తేమ పట్టి లోపల జిగురు కడుతుంది. బ్లేడు దగ్గరి గేర్లలో 25 గంటల పనికోసారి గ్రీజు నింపండి.

డబ్బు సంగతి. మంచి 35 సీసీ యంత్రం, జీను, నాలుగు బ్లేడులు, ఒంటి రక్షణ సామగ్రి కలిపినా మీ అబ్బాయి చెప్పిన మొత్తంలో చాలా మిగులుతుంది. కొనేముందు రైతు సేవా కేంద్రంలో యాంత్రీకరణ రాయితీ జాబితాలో బ్రష్ కట్టర్ ఉందేమో అడగండి. తిరుపతిలోనే విడిభాగాలూ, మెకానిక్కూ దొరికే కంపెనీదే తీసుకోండి. మిగిలిన సొమ్మును వెనక్కి పంపకండి. పక్షులు లాంటానా గింజలను తెచ్చి చెట్ల కింద ఏటా వేస్తూనే ఉంటాయి, ఆ మొలకలను జానెడు ఉండగానే పీకడానికి వచ్చే మూడేళ్లూ వానాకాలంలో మనుషులు కావాలి. ఆ కూలి డబ్బు ఇప్పుడే తీసి పెట్టుకోండి.